అదే చీర, అదే ధర

పోయిన నెలలో ఒక అమ్మాయి నాకు ఫోన్ చేసింది. ధరలు సేకరించే ఉద్యోగంలో కొత్తగా చేరిందట. విజయవాడలో నేను తిరిగిన కొట్లే ఇప్పుడు తను తిరుగుతోందట. "సార్, ఈ పనిలో తెలుసుకోవాల్సినవి ఏమైనా ఉంటే చెప్పండి" అంది. నాలుగు ముక్కలు చెప్పి ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక సిగ్గేసింది. ముప్పై మూడేళ్లు చేసిన పనికి నాలుగు ముక్కలు చాలుతాయా? పైగా ఆ అమ్మాయికి చెప్పాల్సిన అసలు సంగతి చెప్పనే లేదు. అది చెప్పడానికి ఫోన్లో నోరు రాలేదు, అందుకే తనలా కొత్తగా చేరేవాళ్ల కోసం రాస్తున్నాను.

ప్రమోషన్లు, బదిలీలు, మీటింగుల గురించి ఇందులో ఏమీ ఉండదు. అవి అన్ని ఆఫీసుల్లోనూ ఒకేలా ఉంటాయి, చదివేవాళ్లకు నిద్ర వస్తుంది. నాకు బుద్ధి చెప్పిన సంగతులు రెండు మూడు ఉన్నాయి. వాటిలో ఒకటి బుద్ధి చెప్పడంతో ఆగలేదు, ఇప్పటికీ నన్ను వదల్లేదు.

బుట్ట

ప్రతి నెలా అనుకున్న రోజున, అనుకున్న కొట్టుకు వెళ్లి, అనుకున్న వస్తువు ధర రాసుకురావడం మా పని. బియ్యం, కందిపప్పు, నూనె, సబ్బు, చెప్పులు, మంగలి షాపులో క్షవరం, సినిమా టికెట్టు, నూలు చీర. ఒక మామూలు కుటుంబం కొనుక్కునేవన్నీ ఒక బుట్టలో వేశామనుకోండి. ఆ బుట్ట నిరుడు ఎంతకు నిండింది, ఈ ఏడు ఎంతకు నిండుతోంది అన్నదే లెక్క. ఆ తేడానే పేపర్లో ద్రవ్యోల్బణం అని రాస్తారు. నాలాంటి వాళ్లు దేశంలో అన్ని మూలల నుంచీ పంపిన ధరలు కలిపితే ఒక అంకె తేలుతుంది. ఆ అంకెను బట్టి ఉద్యోగుల కరువు భత్యం పెరుగుతుంది, పెన్షన్లు పెరుగుతాయి, కొన్ని చోట్ల కూలీల కనీస వేతనం మారుతుంది.

ఇందులో ప్రాణం ఒక్కటే. ఈ నెల చూసిన వస్తువు పోయిన నెల చూసిన వస్తువే అయి ఉండాలి. మారితే మారిందని రాయాలి. ఇంత చిన్న సంగతికి ముప్పై మూడేళ్ల ఉద్యోగం ఎందుకని మా ఆవిడ ఎగతాళి చేసేది. చిన్నదే. ఆ చిన్నదే నేను సరిగ్గా చేయలేకపోయాను.

జనం మమ్మల్ని ధరలు పెట్టే వాళ్లమనుకుంటారు. మార్కెట్లో వంకాయలమ్మే సీతమ్మ గారని ఒకావిడ ఉండేది. నేను పుస్తకం తీయగానే చుట్టుపక్కల వాళ్లకు వినపడేట్టు అనేది.

"ఏళ్ల తరబడి రాసుకుపోతన్నావు గదయ్యా. నువ్వు రాసినందుకు ఒక్క రూపాయన్నా తగ్గిందా?"

"నేను తగ్గించేవాణ్ణి కాదమ్మా, రాసేవాణ్ణే."

"మరి రాసి ఏం లాభం? పక్కోళ్ల తూకాలు చూసినా పుణ్యమొచ్చేది."

అప్పుడు నవ్వుకునేవాణ్ణి. ఆవిడ అన్నదాంట్లో సగం మా పని ఉందని తర్వాత తెలిసింది.

మూర్తి గారి ఇడ్లీ

నా మొదటి ఆఫీసరు మూర్తి గారు. మనిషి సన్నగా ఉండేవారు, మాట పొడిగా ఉండేది. నేను చేరిన మూడో నెలలో నా పుస్తకం తిరగేసి, మర్నాడు పొద్దున్నే బెంజ్ సర్కిల్ దగ్గర ఒక టిఫిన్ హోటలుకు రమ్మన్నారు. ఇద్దరికీ ఇడ్లీ చెప్పారు.

"ఈ హోటల్లో ప్లేటు ఇడ్లీ ధర ఏం రాశావు?"

"పోయిన నెల ధరేనండీ. మారలేదు."

ఆయన ఒక ఇడ్లీ తీసి అరచేతిలో పెట్టుకున్నారు. "పోయిన నెల ఇది నా వేళ్ల మొదళ్ల దాకా వచ్చింది. ఇప్పుడు అరచేతి మధ్యలోనే ఆగిపోయింది. నువ్విక్కడ ఇడ్లీ తిన్నావా, బోర్డు మీద ధర చదువుకుని పోయావా?"

నేను బోర్డే చదివాను. ఆయన రెండు ఇడ్లీలు కాగితంలో కట్టించి పక్కనున్న కిరాణా కొట్లో తూకం వేయించారు. హోటలాయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, "మినప్పప్పు ఎట్టా ఉందో తెలుసు గదండీ. ప్లేటు మీద పావలా పెంచితే అంతా ఎదురు హోటలుకి పోతారు. ఇడ్లీ కాస్త తగ్గితే ఎవరూ అడగరు" అన్నాడు. దాపరికం లేకుండా చెప్పాడు, పాపం. ఆయన దృష్టిలో అది మోసం కాదు. బతకడం.

"ధర అడిగి రావడానికి చదువుకున్నవాడు అక్కర్లేదు" అన్నారు మూర్తి గారు బయటికొచ్చాక. "నువ్వు వస్తువును చూడాలి. ధర పెరక్కుండా వస్తువు తగ్గితే ధర పెరిగినట్టే. కొనేవాడి జేబుకు ఆ రెండింటికీ తేడా లేదు."

మా పుస్తకంలో ప్రతి వరుస చివరా 'ప్రత్యేక వివరం' అని ఒక గడి ఉండేది. ఆ గడులన్నీ ఖాళీగా ఉన్న పుస్తకం తెస్తే ఆయన తీసుకునేవారు కాదు. "కొట్లకు వెళ్లలేదన్నమాట, రేపు వెళ్లిరా" అని పంపేసేవారు. బిస్కెట్ పొట్లంలో రెండు బిస్కెట్లు తగ్గినా, నూనె ప్యాకెట్టు లీటరు నుంచి కిందికి జారినా, అగ్గిపెట్టెలో పుల్లలు తగ్గినా ఆ గడిలో ఎక్కేవి. ఆయన ఉన్న ఆరేళ్లు నేను మంచి ఉద్యోగిని.

తగ్గిందంటే తగ్గడం కాదు

ఆటోనగర్‌లో ఒక లేత్ షెడ్డులో పనిచేసే మస్తాన్ నన్ను ఎప్పుడూ ఒకటే అడిగేవాడు. "ద్రవ్యోల్బణం తగ్గిందని టీవీలో చెప్పారండీ. మరి మా వీధి కొట్లో ఏదీ తగ్గలేదేంటి?"

ఈ ప్రశ్న మీకూ ఎదురవుతుంది, విసుక్కోకండి. అంకె తగ్గిందంటే ధరలు దిగాయని కాదు, ఎక్కే వేగం తగ్గిందని. నిరుడు రెండేసి మెట్లు ఎక్కినవాడు ఈ ఏడు ఒక్కో మెట్టు ఎక్కుతున్నాడు, అంతే. కిందికి దిగడం లేదు. నేనిలా చెబితే మస్తాన్, "అయితే అది శుభవార్త ఎట్టాగండీ?" అన్నాడు.

పాత ధరల పుస్తకాలు ఎప్పుడైనా తిరగేయండి. ఒక ఏడు ఉల్లిపాయ ఆకాశానికి ఎక్కుతుంది, పేపర్లన్నీ రాస్తాయి, మళ్లీ దిగుతుంది. ఇంకో ఏడు కందిపప్పు. ఇవి చప్పుడు చేసే ధరలు. ఇంటి అద్దె, స్కూలు ఫీజు, డాక్టరు ఫీజు చప్పుడు చేయవు. ఎక్కినవి ఎక్కినట్టే ఉంటాయి. నా మొదటి నెల జీతంతో అమ్మకు చీర, నాన్నకు కళ్లద్దాలు, ఇంట్లోకి నెల సరుకులు కొని ఇంకా మిగుల్చుకున్నాను. ఈ రోజు ఆ జీతం మొత్తం పెట్టినా మా ఇంటికి ఒక గ్యాస్ బండా నెల పాలూ రావు. నోటు మీద అంకె చెరగలేదు, దాని బలం పోయింది.

జీతం అంకెతో పాటు పెరిగేవాడు ఎలాగో నెట్టుకొస్తాడు. పెరగనివాడి సంగతే నేను చెప్పదలచుకున్నది.

వన్‌టౌన్ కొట్లో చీర

మాది నేత కుటుంబం. కంకిపాడు దాటి కాలువ గట్టు వెంట పోతే వచ్చే చిన్న ఊరు మాది. నాన్న మగ్గం మీదే బతికాడు. నేను చదువుకుని బయటపడ్డాను. మా అక్క సుబ్బలక్ష్మిని అదే వీధిలో భావనారాయణకు ఇచ్చారు. బావ చేతి పని ఎలా ఉండేదంటే, షావుకారు పట్నం వ్యాపారులకు చూపించడానికి ఆయన నేసిన చీరలే పైన పెట్టేవాడు.

నేత ఊళ్లో లెక్క ఇలా ఉంటుంది. షావుకారు నూలు కొని, నిలువు పోగుల పడుగు చుట్టించి ఇస్తాడు. నేతగాడు నేసి చీర తిరిగి ఇస్తే చీరకింత అని కూలి ఇస్తాడు. ఆ కూలికి మా ఆఫీసు అంకెతో ఏ సంబంధమూ లేదు. షావుకారు దయ తలిస్తే పెరుగుతుంది, లేకపోతే లేదు. మా ఊరి షావుకారు వెంకటరత్నం. ఆయన చీరలు విజయవాడ వన్‌టౌన్‌లో పాండురంగారావు గారి కొట్టుకు వచ్చేవి. మా బుట్టలో నూలు చీర ధర నేను రాసుకునేది ఆ కొట్లోనే.

నేను రిటైరవడానికి తొమ్మిది పదేళ్ల ముందు సంగతి. ఒక నెల వెళ్లి, అలవాటుగా చీర చేతిలోకి తీసుకున్నాను. గంజి గట్టిగా పెట్టారు, చీర బిరుసుగా ఉంది. అంచు దగ్గర గోటితో నొక్కి జరిపితే పోగులు పక్కకు జరిగాయి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అవతల గోడ మీద క్యాలెండరు కనపడింది. నేతగాడి కొడుకుని, నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు. పడుగులో పోగులు తగ్గించారు. రెండు ఉతుకులకు గంజి పోయి తేలిపోయే చీర అది.

"చీర అదేనాండీ?" అని అడిగాను.

"అదేనండీ. మారటానికేముంది?" అన్నారు పాండురంగారావు గారు.

"ధర?"

"అదే ధర."

అప్పటికి మూర్తి గారు లేరు. ఆయన తర్వాత వచ్చిన సూపరింటెండెంటు ప్రసాదరావు గారికి ఖాళీ గడులంటేనే ఇష్టం. వెళ్లి చెప్పాను. చీర పలచబడిందండీ అని.

"కొట్టు మారిందా?"

"లేదండీ."

"పేరు? పొడవు? వెడల్పు?"

"అవీ అంతేనండీ. పోగులు తగ్గాయి."

"ఎవరు చెప్పారు?"

"చేత్తో పట్టుకుంటే తెలిసిందండీ."

ఆయన నవ్వారు. "మీది నేత కుటుంబం కాబట్టి మీకు అన్నిట్లో పోగులే కనిపిస్తాయి. వస్తువు మారిందని రాస్తే పైకి వివరణ పంపాలి, కొత్త చీర వెతకాలి, రెండు చీరలకూ పక్కపక్కన ధరలు తీయాలి. మీ వేళ్లు సాక్ష్యం చెప్పాయంటే పైవాళ్లు ఒప్పుకుంటారా? కొరివితో తల గోక్కోవడం ఎందుకు చెప్పండి?"

ఆయన రాయొద్దని ఆర్డరు వేయలేదు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. ఆ గడి నాది, అందులో ఏం రాయాలో నా ఇష్టం. 'పడుగులో పోగులు తగ్గినట్టున్నాయి' అని ఒక్క వాక్యం రాస్తే ఆయన దాన్ని కొట్టేయడానికి వీల్లేదు. నేను రాయలేదు. ఆ నెల ఖాళీగా వదిలాక వచ్చే నెల రాయడం ఇంకా కష్టమైంది, పోయిన నెల ఎందుకు రాయలేదంటారు కదా. అలా మూడేళ్లు గడిచాయి. ఆ మూడేళ్లలో చీర ఇంకోసారి పలచబడింది. నా పుస్తకంలో మాత్రం అదే చీర, అదే ధర.

నూలు షెడ్డు ముందు

ఆ మూడేళ్లలో మా ఊరి నేతగాళ్లకు కూలి పైసా పెరగలేదు. అక్క లెక్కలన్నీ చీరల్లోనే చెప్పేది. "ఇదివరకు మూడు చీరలకి వచ్చే బియ్యం ఇప్పుడు నాలుగు నేస్తేగానీ రావట్లేదురా సత్యం" అంది ఒకసారి. నేను అంకెల్లో రాసే ద్రవ్యోల్బణం ఆవిడకు నాలుగో చీర. ఆ నాలుగో చీర నేయడానికి బావ పొద్దు పొడవకముందే, కాళ్లు పెట్టుకుని నేసే మగ్గం గుంటలో దిగేవాడు.

చివరికి వీధిలో వాళ్లంతా కలిసి, కూలి పెంచమని షావుకారును అడగాలనుకున్నారు. బావ ఫోన్ చేసి, ఆదివారం రమ్మన్నాడు. "మా మాట ఆయన వినడు. నువ్వయితే ఏది ఎంత పెరిగిందో లెక్కగా చెప్తావు. గవర్నమెంటోడివి" అన్నాడు. ఆ మాటకు నాకు గర్వంగా అనిపించింది. కాగితం మీద అన్నీ రాసుకుని వెళ్లాను.

నేను వెళ్లేసరికి అక్క ఒక గుడ్డ సంచిలో రెండు చీరలు మడిచి పెడుతోంది. ఒకటి నాలుగేళ్ల కిందట బావ నేసింది, ఇంట్లో వాడకానికి ఉంచుకున్నది. రెండోది మొన్న మగ్గం మీంచి దించింది.

"ఈ రెండూ పక్కపక్కన పరిస్తే ఇంక మాటలక్కర్లేదు" అన్నాడు బావ. "ధర పెంచలేదంటాడు గదా. నూలు మిగుల్చుకున్నాడని చూపిస్తే కూలి పెంచకేం చేస్తాడు?"

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. "బావా, ఆ చీర నా పుస్తకంలో ఉంది, నేను మారలేదని రాశాను" అంటే సరిపోయేది. ఏదో ఒకటి ఆలోచించేవాళ్లం. నేను మంచినీళ్లు తాగి లేచాను.

షావుకారు ఇంటి పక్కన నూలు దాచే షెడ్డు ఉంది. దాని ముందు ముప్పై మంది దాకా చేరారు. వెంకటరత్నం కుర్చీ తెప్పించి నన్ను కూర్చోబెట్టాడు. నేను కాగితం చూసి చదివాను. బియ్యం, నూనె, పప్పు, కరెంటు, పిల్లల ఫీజులు, ఏది మూడేళ్లలో ఎంత పెరిగిందో చెప్పాను. అందరూ తలలూపారు. బావ ముఖంలో వెలుగు నేను చూశాను.

వెంకటరత్నం అంతా విన్నాడు. "కాదన్లేదు బాబూ, అన్నీ పెరిగినయ్. నేనూ తింటన్నాను గదా అన్నం. నేను అడిగేది ఒకటే. నా చీర పెరిగిందా? పాండురంగారావు కొట్లో ప్రతి నెలా నువ్వే రాసుకెళ్తావంట. మూడేళ్ల నుంచి ధర పెరిగిందా?"

"పెరగలేదు" అన్నాను. అది నిజమే.

"అమ్మే ధర పెరగందే కూలి ఎక్కణ్ణుంచి తెచ్చి పెంచను?"

వెనకనుంచి ఒకాయన లేచాడు. "పోగులు తగ్గించారు గదండీ. పాత చీరా ఇప్పటి చీరా ఒకటేనా?"

వెంకటరత్నం నా వైపు తిరిగాడు. "చీర మారిందా బాబూ? నీ పుస్తకంలో ఏం రాశావు? నేను చెప్పటం దేనికి, నువ్వే చెప్పు."

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. మారిందంటే మూడేళ్ల నా రాతలు అబద్ధాలు. ముప్పై మంది ముందు, అందులో సగం మంది నాకు బంధువులు. నోట్లోంచి మాట దానంతటదే వచ్చినట్టు వచ్చింది.

"అదే చీరండీ" అన్నాను.

లేచినాయన నిలబడే ఉన్నాడు. అందరూ బావ వైపు చూశారు, సంచి ఆయన ఒళ్లో ఉంది. ఇప్పుడు తెరుస్తాడని నేను తల దించుకున్నాను. తలెత్తి చూస్తే బావ నన్నే చూస్తున్నాడు. కోపం లేదు ఆ చూపులో. సంచి మూతిని గుప్పిట్లో బిగించి పట్టుకుని లేచాడు.

"పోదాం పదండి" అన్నాడు వీధి వాళ్లతో. "ఆయన చెప్పాడుగా."

కూలి పెరగలేదు. ఆ రోజు అక్క నాకు అన్నం పెట్టింది. తిన్నాను కూడా. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ అసహ్యంగా ఉంటుంది.

మగ్గం గుంట

బావ షావుకారుకు భయపడ్డాడని నాకు నేను చెప్పుకున్నాను. నూలు ఇవ్వడేమోనని నోరు మూసుకున్నాడు, నా తప్పేముంది అనుకున్నాను. అలా అనుకుంటే నిద్ర పట్టేది. ఒక మాట అబద్ధమని తెలిసీ పదిసార్లు అనుకుంటే, పదకొండోసారి నిజంలా ఉంటుంది.

బావ ఇంకో రెండేళ్లు నేశాడు. ఆ తర్వాత మగ్గం విప్పి కర్ర అమ్మేశారు. గుంటలో మట్టి నింపి పైన సిమెంటు చేశారు. అక్క ఇప్పుడు అక్కడ గ్రైండరు పెట్టుకుంది. వీధిలో పదమూడు మగ్గాలు ఉండేవి, నేను చివరిసారి వెళ్లినప్పుడు రెండు ఉన్నాయి. అన్నీ నా ఒక్క మాట వల్లే పోయాయని అనను. మరమగ్గాలు వచ్చాయి, జనం చీరలు కట్టుకోవడం తగ్గింది, పిల్లలు ఈ పని వద్దన్నారు. ఆ ఆదివారం మాత్రం వాళ్లు గెలవాల్సిన రోజు. సాక్ష్యం సంచిలో ఉంది. దాన్ని తెరవకుండా ఆపింది నేనే.

బావకు విజయవాడలో పని దొరికింది. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక పెద్ద బట్టల షోరూములో వాచ్‌మన్. చీరలు నేసిన మనిషి చీరల కొట్టు తలుపు తీసి పట్టుకుంటాడు. నేను డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు, గొడవా పడలేదు. "ఉందిలేరా" అన్నాడంతే.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. మీ పుస్తకంలో ఒక వరుస తప్పయితే దేశం అంకె కదలదు, మిమ్మల్ని ఎవరూ పట్టుకోరు. అందుకే భయపడాలి. ఆ వరుస వెనక ఒక మనిషి ఉంటాడు, ఆ వరుస నిజమని నమ్మి ఎవరో ఎక్కడో ఆ మనిషి నోరు మూయిస్తారు. మీ చేతికి తెలిసింది రాయండి. వెంటనే రాయండి. ఒక నెల దాటిందంటే, రెండో నెల మీరు రాయరు.

షోరూము మెట్ల మీద

నేను రిటైరయ్యాక ఏడాదికి రెండుసార్లు నా పెన్షన్ మీద కరువు భత్యం పెరుగుతోంది. ధరలు పెరిగాయని అంకె చెబుతుంది, నాకు డబ్బు వస్తుంది. మొన్న అలా పెరిగిన నెలలో ఇంక ఆగలేకపోయాను. మధ్యాహ్నం గిరాకీ తక్కువ ఉండే వేళ చూసుకుని షోరూముకు వెళ్లాను. బావ నీలం యూనిఫాంలో, మెట్ల పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నేను మెట్టు మీద కూర్చున్నాను.

"బావా, ఆ చీరలో పోగులు తగ్గాయని నాకు మొదటి నెలలోనే తెలుసు" అన్నాను. "తెలిసే రాయలేదు. ఆ రోజు అందరి ముందు అబద్ధం చెప్పాను."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. అయినా చెప్పాను.

"తెలుసురా" అన్నాడు బావ. "నువ్వు మీ నాన్న కొడుకువి. చీర చేతిలోకి తీసుకుంటే నీకు తెలవకుండా ఉంటదా?"

"మరి సంచి ఎందుకు తెరవలేదు? షావుకారుకి భయపడ్డావని అనుకున్నా ఇన్నాళ్లూ."

"వెంకటరత్నానికి నేనెందుకు భయపడతాను? ఆయన కాకపోతే పక్కూరి షావుకారు ఇస్తాడు నూలు." అన్నాడు బావ. "నువ్వు అదే చీరన్నావు. నేను తెరిస్తే, గవర్నమెంటు పుస్తకంలో అబద్ధం రాశావని ఊరంతా చూసుద్ది. ఎవడో ఒకడు మీ ఆఫీసుకి ఉత్తరం ముక్క రాస్తాడు. నీ ఉద్యోగం ఊడుద్ది. పిల్లలు చదువుకుంటన్నారు అప్పుడు నీకు. మగ్గం పోతే నేను ఇంకో పని చూసుకుంటా. నువ్వేం పని చేస్తావు? నీకు నేత కూడా రాదు."

అప్పుడైనా ఊరుకోవాల్సింది. కానీ ఇంకో అబద్ధం మోయడం నా వల్ల కాలేదు.

"ఉద్యోగం పోయేది కాదు బావా. అలాంటి వాటికి ఉద్యోగాలు పోవు. మహా అయితే మెమో ఇచ్చేవాళ్లు."

"మెమో అంటే?"

"ఎందుకిలా జరిగిందో చెప్పమని ఒక కాగితం ఇస్తారు. మనం జవాబు రాసిస్తాం. ఫైల్లో పెడతారు."

బావ నా వైపు తిరిగాడు.

"అంతేనా?" అన్నాడు.

"అంతే."

ఒక కారు వచ్చి మెట్ల ముందు ఆగింది. బావ స్టూలు మీంచి లేచి, చొక్కా సర్దుకుని, వెళ్లి షోరూము తలుపు తీసి పట్టుకున్నాడు. కారు దిగినవాళ్లు లోపలికి వెళ్లిపోయాక కూడా చాలాసేపు ఆ తలుపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.